గ్యాస్ అయ్యుంటుందిలే

ఆడవాళ్ల కడుపు బాధలకి ఇంతవరకూ ఒకే ఒక్క గొప్ప పరీక్ష కనిపెట్టారు. దానికి రక్తం అక్కర్లేదు, స్కానింగ్ అక్కర్లేదు, కుర్చీలోంచి లేవనక్కర్లేదు. "గ్యాస్ అయ్యుంటుందిలే" అంటే చాలు.

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. మా ఆవిడ కడుపు ఉబ్బరంగా ఉందంది. గ్యాస్ అన్నాను. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందంది. గ్యాస్. మాటిమాటికీ బాత్‌రూమ్‌కి పోవాల్సి వస్తోందంది. నీళ్లు ఎక్కువ తాగుతున్నావన్నాను. ఎప్పుడూ ఒకే జబ్బు చెబితే వైద్యుడికి విలువేం ఉంటుంది! మెడికల్ షాపాయన కూడా నాతో ఏకీభవించి పది మాత్రలిచ్చాడు. ఇంత సులువుగా సెకండ్ ఒపీనియన్ ఎవరికి దొరుకుతుంది?

ఇలాంటి సౌకర్యం ఉండగా, మా మరదలు ల్యాబ్‌లో ఏం చేస్తోందో వినండి. మన కణాల్లో ప్రొటీన్ల తయారీకి ముడిసరుకు మోసుకొచ్చే కూలీలుంటారట, ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ అని. ఆ కూలీల ఒంటి మీద సన్నటి రసాయన గుర్తులుంటాయట. అండాశయ క్యాన్సర్ వస్తే ఆ గుర్తులు మారతాయట. వాటిని చూసి జబ్బుని ముందే పట్టుకోగలమా అని పొద్దస్తమానం మిషన్ ముందు కూర్చుంటుంది.

"ఎంతవరకొచ్చింది?" అనడిగాను, జాలిపడి.

"తొలి దశ నమూనాలే దొరకట్లేదు బావా. అందరూ ముదిరాకే వస్తున్నారు. అప్పటిదాకా ఇంట్లో గ్యాస్ అనుకుంటారట."

చూశారా? అంత పెద్ద మిషన్‌ని మన చిన్న మాట ఎలా ఖాళీగా కూర్చోబెట్టిందో! నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

పోయిన వారం మా ఆవిడ నమూనా కూడా ఆ ల్యాబ్‌కే ఇవ్వాల్సి వచ్చింది. తొలి దశది కాదు.

ఆపరేషన్‌కి ముందు మరదలు ఒక ఫారం తెచ్చింది. మా ఇంట్లో ఫారాలన్నీ నేనే నింపుతాను, ఆవిడ సంతకం పెడుతుంది. పేరు, వయసు రాశాను. 'బాధ మొదలై ఎన్నాళ్లయింది' అన్నచోట 'రెండు వారాలు' అని రాశాను. మరి నేను చెవిపెట్టి విన్నది అప్పుడే కదండీ.

మా ఆవిడ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. రెండు వారాలు కొట్టేసి 'ఎనిమిది నెలలు' అని రాసింది.

దాని కింద ఇంకో ప్రశ్న ఉంది. 'మొదట ఎవరికి చెప్పారు?'

అక్కడ 'మా ఆయనకి' అని రాసి, సంతకం పెట్టి, ఫారం చెల్లెలి చేతికిచ్చింది.