ఏం కాలె, జర కళ్ళు తిరిగినయి

ఆ రోజు పొద్దున సదయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సారవ్వను వెంటబెట్టుకుని చౌరస్తాలో కట్టిన కొత్త అపార్టుమెంటు దగ్గరికి వెళ్ళాలి. గేటు దగ్గర నిలబెట్టి ఒకసారి తలెత్తి పైకి చూడమనాలి. అంత ఎత్తున ఉండడం తనవల్ల కాదని ఆమె చేతనే అనిపించాలి. ఆ ఒక్క మాట వస్తే చాలు, మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ లోపు పదకొండో అంతస్తు ఫ్లాటును ఒకటో అంతస్తుకు మార్పించుకుని, పెళ్ళాం మాట కాదనలేని మంచి మొగుడిగా ఇంటికి తిరిగి రావచ్చు.

అసలు సంగతేమిటంటే, ఎత్తు పడనిది సారవ్వకు కాదు, సదయ్యకు.

గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటారు. సదయ్య ముప్పై ఏళ్ళకు పైగా బాయిలోకి దిగినవాడు. అందులోనూ రెస్క్యూ టీము మనిషి. లోపల పొగ కమ్మినా, కప్పు కూలినా అందరూ బయటికి పరుగెత్తుతుంటే ముఖానికి మాస్కు కట్టుకుని లోపలికి నడిచినవాడు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఊళ్ళో మొదటిసారి పన్నెండంతస్తుల బిల్డింగు లేస్తోందని విని, బిల్డరు ఆఫీసులో నేల మీద కుర్చీలో కూచుని, రంగుల బొమ్మ చూసి, "పైదే ఇయ్యుండ్రి సారూ, గాలి మంచిగ వస్తది" అన్నాడు.

గాలి విషయంలో ఆయన అంచనా తప్పలేదు. పోయిన శుక్రవారం ఒక్కడే వెళ్ళి బాల్కనీలో నిలబడితే గాలి బ్రహ్మాండంగా వీచింది. కింద చౌరస్తాలో ఆటోలు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. మరుక్షణం గోడ పట్టుకుని కూలబడి, కూచున్నవాడు కూచున్నట్టే దేక్కుంటూ తలుపు దాకా వచ్చాడు. ఈ సంగతి చౌరస్తా చాయ్ హోటల్లో తెలిసిందంటే ఇన్నేళ్ళ పరువు గోదాట్లో కలిసినట్టే.

అందుకే సత్తిబాబును పట్టుకున్నాడు. సత్తిబాబు కాకినాడ వైపు మనిషి, జ్యోతినగర్ కరెంటు ప్లాంటులో ఇంజనీరుగా చేసి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయనకు దొరికింది ఒకటో అంతస్తు. పైది దొరకలేదని అప్పటినుంచీ దిగులు. మార్చుకుందామంటే ఎగిరి గంతేశాడు. "మా ఇంటామెకు ఎత్తు పడదు సారూ, జర కళ్ళు తిరుగుతయి. ఎవ్వలికి చెప్పకుండ్రి, ఆమె శరమిందా అయితది" అని సదయ్య బతిమాలుకున్నాడు. సత్తిబాబు నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఈసారి చాలా నిగ్రహం చూపించాడు. భార్య చంద్రమతికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత, లిఫ్టు దగ్గర ఎందుకైనా మంచిది ఒక కుర్చీ వేసి ఉంచమని వాచ్‌మన్ పోశానికి చెప్పాడు.

అక్కడితో ఆగితే మనకు ఈ కథే లేదు. పోశం సొంతూరు గోలేటి. సారవ్వ తమ్ముడు ఎల్లన్నదీ గోలేటే. పోశం మంచివాడు, మంచివాళ్ళకు ఫోన్ చెయ్యకుండా ఉండడం చేతకాదు. తెల్లవారీ తెల్లవారకముందే ఎల్లన్నను లేపి, "ఏం కాలె అన్నా. మీ అక్కకు జర కళ్ళు తిరుగుతున్నయట, గంతే. నేను కొత్త బిల్డింగు కాడ కుర్సీ గూడ ఏసి పెట్టిన. పరేశాన్ గాకు" అన్నాడు.

బాయిల దగ్గర బతకనివాళ్ళకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఈ ప్రాంతంలో చెడ్డ కబురు ఎప్పుడూ దాని అసలు కొలతలో ఇంటికి రాదు. కాలు విరిగితే జర దెబ్బ తాకిందని వస్తుంది. దవాఖానాలో ఉన్నాడని వస్తే మనిషి ఉన్నాడు కదా అని ధైర్యం. "ఏం కాలె, పరేశాన్ గాకుండ్రి" అని వచ్చిందంటే మాత్రం ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి చెప్పులేసుకుంటారు. మాట ఎంత మెత్తగా ఉంటే దెబ్బ అంత గట్టిదని తరతరాలుగా నేర్చుకున్న పాఠం అది. ఇలాంటప్పుడు ఫోన్ చేసి అడగరు, బయల్దేరతారు. ఎల్లన్న కళ్ళు తుడుచుకుని ట్రాలీ ఆటో మాట్లాడాడు. ఎక్కబోతూ బెల్లంపల్లిలో ఉన్న సారవ్వ కూతురు సంతోషికి కూడా ఫోన్ చేసి, ఏం కాలేదని చెప్పాడు.

ఇక్కడ సదయ్య తన పథకం ప్రకారం సారవ్వను గేటు దగ్గర నిలబెట్టాడు. ఆమె తలెత్తి చూసింది. చూస్తూనే ఉండిపోయింది. "ఎత్తు గదా..." అని ఆయన మొదలుపెట్టాడో లేదో, లోపలినుంచి చంద్రమతి జాలి నిండిన ముఖంతో వచ్చి సారవ్వ చెయ్యి పట్టుకుంది. "రండి వదిన గారూ, పైకి వెళ్ళి ఫ్లాటు చూసొద్దాం, నేనున్నాను కదా, మీకేం భయం లేదు" అంటూ లిఫ్టు వైపు నడిపించింది. ఇంత పెద్దావిడ తన మీద ఎందుకింత జాలి పడుతోందో సారవ్వకు అర్థం కాలేదు. కాదనడం మర్యాద కాదని వెంట వెళ్ళింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ఆమె చేతిసంచీ సదయ్య చేతిలో ఉండిపోయింది, సంచీలో ఆమె ఫోను ఉండిపోయింది. అది మోగడం మొదలుపెట్టింది.

"బాపూ, అవ్వ ఫోను నువ్వెందుకు ఎత్తినవ్?" అంది సంతోషి.

"ఏం కాలె బిడ్డా. మీ అవ్వ మంచిగనే ఉంది" అన్నాడు సదయ్య, పాపం, నిజమే చెబుతూ.

అవతల ఏడుపు మొదలైంది. సంతోషి చిన్నప్పుడు ఈ సదయ్యే బండ కింద పడి నెలల తరబడి దవాఖానాలో ఉన్నాడు. ఆ రోజు బడికి కబురు తెచ్చిన మనిషి కూడా మీ బాపు మంచిగనే ఉన్నాడనే చెప్పాడు. సదయ్య ఒట్టుపెట్టి మరీ ఏం కాలేదన్నాడు. ఏడుపు పెరిగింది. రానవసరం లేదన్నాడు. ఆమె అప్పటికే బస్సెక్కింది. బస్సులోంచే క్వార్టరు పక్కింటివాళ్ళకు చేసింది. వాళ్ళు వెళ్ళి చూసి, తలుపుకు తాళం ఉందని చెప్పి, తాము కూడా బయల్దేరారు. తర్వాత తమ్ముడు సంపత్ కోసం బాయి ఆఫీసుకు చేసింది. సంపత్ తండ్రి ఉద్యోగంలోనే చేరి ఆ రోజు మొదటి షిఫ్టులో లోపల ఉన్నాడు. ఆఫీసువాళ్ళు అనుభవజ్ఞులు. లోపలికి ఫోన్ కలిపి, ఏం లేదు, ఊరికే ఒకసారి బయటికి రమ్మన్నారు.

కాసేపటికి గోలేటి ట్రాలీ వచ్చి ఆగింది. అందులో ఒక ముసలామె దిగకముందే శోకం అందుకుంది. క్వార్టర్ల జనం వచ్చారు. జనం ఉన్నారు కాబట్టి యూనియన్ లీడరు ఉపేందర్ వచ్చాడు. నలుగురు కనిపిస్తే నినాదం ఇవ్వకుండా ఉండలేని మనిషి. ఎవరికి ఏమైందని అడక్కుండానే న్యాయం జరిగేదాకా కదిలేది లేదని గేటు ముందు బైఠాయించాడు. బిల్డరు వేణుమాధవ్ పరుగున వచ్చి, ఏం జరిగిందని ఉపేందర్‌ను అడిగాడు. ఏం జరిగిందో నువ్వే చెప్పాలని ఉపేందర్ ఆయన్ను నిలదీశాడు. ఇంత గొడవకు కారణం కాగల వస్తువు బిల్డింగు మొత్తంలో వేణుమాధవ్‌కు ఒక్కటే తోచింది. వెంటనే లిఫ్టు కరెంటు తీసేయమన్నాడు.

దాంతో సారవ్వ నిజంగానే పైన చిక్కుకుపోయింది. "ఏం కాలె, లిఫ్టు జర ఆగింది, గంతే" అని పోశం ప్రకటించగానే జనంలోంచి పెద్ద మూలుగు వచ్చింది.

సదయ్య పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. కనపడిన ప్రతివాడికీ ఏం కాలేదని చెబుతున్నాడు. చెప్పినకొద్దీ వాళ్ళు ఆయన భుజం తడుతున్నారు. ఎల్లన్న వచ్చి వాటేసుకుని, "బావా, నువ్వు గుండె దిటవు జేసుకో" అన్నాడు. అలా పదిమంది వాటేసుకునేసరికి సదయ్యకే అనుమానం పట్టుకుంది. సారవ్వ జన్మలో క్వార్టరు డాబా కంటే ఎత్తు ఎక్కలేదు. తాను నోటితో పుట్టించిన కళ్ళు తిరగడం నిజంగానే ఆమెకు వచ్చి, ఆ బాల్కనీలో... అంతకుమించి ఆలోచించలేకపోయాడు. రెస్క్యూ టీములో చేసినవాడివి నువ్వే వెళ్ళాలని ఎవరో అనే లోపలే మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వెనకాల గ్లూకోజు పొట్లంతో బయల్దేరిన సత్తిబాబు మూడో అంతస్తులో ఆయాసపడి ఆగిపోయాడు.

మెట్ల పక్క కిటికీల వైపు చూడకుండా, గోడ మీద చెయ్యి వేసుకుని, బాయిలో నడిచినట్టే నడిచి పదకొండో అంతస్తు చేరాడు. తలుపు తీసే ఉంది. హాల్లో నేల మీద చంద్రమతి కళ్ళు గట్టిగా మూసుకుని కూచుంది. బాల్కనీలోంచి ఒక్కసారి కిందికి చూసిందట, అంతే, అప్పటినుంచీ ఆ రెండు కళ్ళూ తెరవలేదు. సారవ్వ మాత్రం బాల్కనీ అంచున గ్రిల్లు మీదికి వంగి నిలబడి ఉంది. అడుగుల చప్పుడుకు తిరిగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సంపత్ బండి బాయి గేటు కాడినుంచి వస్తున్నదయ్యా. డ్యూటీ నడిమిట్ల ఎందుకొస్తున్నడు? కింద గంత మంది ఎందుకు జమైండ్రు? పిలగానికేమైంది?"

"ఏం కాలె" అన్నాడు సదయ్య.

ఆ మాట ఆమె ఎన్ని రాత్రులు, ఎంతమంది నోట విన్నదో ఆయనకు తెలుసు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, చూడు, నువ్వే చూడు అంటూ గ్రిల్లు దాకా లాక్కుపోయింది. ఆయన చూశాడు. చౌరస్తా, జనం, ట్రాలీ అన్నీ కలిసి గిర్రున తిరిగాయి. గ్రిల్లు ఊచను రెండు చేతులతో వాటేసుకుని అక్కడే చతికిలబడ్డాడు. అది చూసి కొడుకు సంగతి మొగుడికి ముందే తెలుసని ఆమె నిశ్చయించుకుంది.

"దాయకు. ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

సదయ్య దగ్గర ఏం కాలేదన్న మాట తప్ప వేరే ధైర్యం లేదు, ఆ మాట ఇప్పుడు పనికిరాదు. ఇక మిగిలింది నిజం. హాల్లో ఉన్న చంద్రమతికి వినపడకుండా గుసగుసగా చెప్పాడు.

"సారవ్వా, ఎత్తు పడనిది నాకు. గీడ నిలవడితే నాకు కాళ్ళు వణుకుతున్నయి. మొన్న దేక్కుంట బయటికొచ్చిన. నీ పేరు జెప్పి ఇల్లు మార్పిద్దామనుకున్న. నీకు కళ్ళు తిరుగుతయని నేనే జెప్పిన, అది గింత దూరం వచ్చింది. పిలగాడు నీ కోసమే వస్తున్నడు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఇంత పరువు తక్కువ మాట ఏ మగవాడూ అబద్ధంగా చెప్పడు. పక్కన కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వింది. తిట్టవలసినవి కొన్ని తిట్టింది. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"ముప్పై ఏండ్లు గడపల కూసోని నీ కోసం చూసిన. రోడ్డు మూల తిరిగితేనే కనవడుతుంటివి. ఆ మూల దాక నా పానం నా తాన లేకుండె. ఇప్పుడు పిలగాని కోసం చూస్తున్న. గీడికెళ్ళి సూడు, బాయి గేటు కాడినుంచి మన బిల్డింగు దాక రోడ్డంత కనవడుతది. నాకు గీ ఇల్లే కావాలె. నేను కిందికి రాను."

సదయ్య చూడలేదు. గ్రిల్లు వదలకుండానే తలాడించాడు.

అంతలో జనం ఎక్కివచ్చారు. ముందు ఎల్లన్న, వెనక ఉపేందర్, వెనక సగం గోలేటి. అందరూ రొప్పుతూ బాల్కనీ గుమ్మంలో ఆగిపోయారు. రెస్క్యూ టీము సదయ్య నేల మీద కూచుని ఊచను పసిపిల్లవాడిలా పట్టుకుని ఉన్నాడు. బాధితుడు ఎవరని ఉపేందర్ అడిగాడు. సదయ్య కళ్ళు మూసుకున్నాడు. ఇక చాయ్ హోటలు మొహం చూడడం ఈ జన్మకు లేదనుకున్నాడు.

సారవ్వ లేచి నిలబడి కొంగు సర్దుకుంది. "ఏం కాలె. నాకే జర కళ్ళు తిరిగినయి. పాపం గీయన పరేశానయ్యి కూసున్నడు. ఇప్పుడు తగ్గినయి" అంది.

పదకొండంతస్తులు ఉరికి వచ్చిన మొగుణ్ణి చూసి గోలేటి ముసలామె మెటికలు విరిచింది. ఇంతలో సంపత్ వచ్చాడు. స్నానం కూడా చెయ్యకుండా బాయి బట్టలతోనే వచ్చాడేమో, తెల్లటి టైల్స్ మీద గుమ్మం నుంచి తల్లి దాకా నల్లని అడుగులు పడ్డాయి. వేణుమాధవ్ ఆ అడుగుల వైపు చూసి, ఉపేందర్ వైపు చూసి, మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. తల్లి కొడుకును తలనుంచి కాళ్ళదాకా తడిమి చూసుకుంది. చేతికి అంటిన బొగ్గును చీరకు తుడుచుకుంది.

సంతోషి కూడా బస్సు దిగి వచ్చి తల్లిని కళ్ళారా చూసుకున్నాక, మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ పదకొండో అంతస్తుకే జరిగింది. మార్పిడి గురించి సత్తిబాబు మళ్ళీ ఎత్తలేదు. చంద్రమతి కరెంటు వచ్చాక కూడా లిఫ్టెక్కక, గోడ పట్టుకుని మెట్ల మీదుగా కిందికి దిగి, ఒకటో అంతస్తు దాటి అంగుళం పైకి వెళ్ళినా తాను కాకినాడ వెళ్ళిపోతానని చెప్పేసింది. సాయంత్రానికి చాయ్ హోటల్లో సదయ్య పేరు మారుమోగింది, పెళ్ళానికి కళ్ళు తిరిగితే తాను కూలబడ్డ మొగుణ్ణి ఖనిలో ఎవరూ చూడలేదని.

ఇప్పుడు షిఫ్టు దిగే వేళకు సారవ్వ బాల్కనీలో నిలబడుతుంది. కొడుకు బండి బాయి గేటు దాటగానే లోపలికి కేకేసి చెబుతుంది. సదయ్య లోపలినుంచే సరే అంటాడు. గాలి మంచిగా వస్తుందని కొన్న ఆ ఇంట్లో ఆయన మంచం కిటికీ లేని స్టోరు రూములో ఉంది.