మర్యాదగల జబ్బు

జబ్బుల్లో చిగుళ్ల జబ్బంత మర్యాదగలది ఇంకోటి లేదు! పంటిపోటుందే, అది మోటుమనిషి. వచ్చీరాగానే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఇది అలా కాదు. నొప్పి పెట్టదు, కేక పెట్టించదు. గట్టు కింద మన్ను కోసుకుపోయే వాగులా తన పని తాను చేసుకుపోతుంది. ఇంగ్లండులో మర్యాదకి పేరుపడ్డ మా డెవన్ పల్లెలకి ఇంతకంటే తగిన జబ్బుంటుందా?

మా ఊరి బ్యాండులో కార్నెట్ బూర ఊదే డెస్మండ్‌కి ఆ భాగ్యం దక్కింది. ఈ వేసవి సంబరంలో బూర పాట మొత్తం అతనొక్కడే ఊదాలి. జీవితమంతా ఎదురుచూసిన పాట! సరిగ్గా ఆ ఆనందంలో ఉండగానే పళ్లు తోముకుంటే నెత్తురు.

"నెత్తురొచ్చే చోట తోమకయ్యా, సరిపోతుంది" అంది భార్య ఎనిడ్.

ఎంత సులువు! తోమడం మానగానే చిగుళ్లు ఎర్రగా ఉబ్బి నిగనిగలాడాయి. ఒళ్లు చేశాయనుకున్నాడు. ఆనక అవి వెనక్కి జరిగి, పళ్లు పొడుగయ్యాయి. అరవై దాటాక కూడా ఎదిగే అవయవం మీకుందా?

ఇక నోటివాసన! బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. బ్యాండులో పక్కవాడు చల్లగాలి మీద మోజంటూ కిటికీ దగ్గరికి జరిగాడు. రాజులకైనా ఇంత చోటు దొరుకుతుందా!

ఓ సాయంత్రం టీతో తినే స్కోన్ రొట్టె కొరికి పళ్లెంలో పెట్టాడు. కొరికిన చోట, మీగడ కింద ఎర్రటి చార. మాలో రొట్టెకి ముందు మీగడ, దాని మీద జామ్. తిరగేసి రాసేది పొరుగున కార్న్‌వాల్ వాళ్లు.

"ఛీ! మీగడ కింద జామా? ఎవరైనా చూస్తే పరువుంటుందా?" అంది ఎనిడ్.

"జామ్ కాదే, నెత్తురు."

"హమ్మయ్య! ఇంకా ఏమో అనుకుని హడలిపోయాను."

సంబరం రానే వచ్చింది. డెస్మండ్ బూర పెదవులకి అదిమి ఊదాడు. ముందుపన్ను కదిలింది. పాట రావలసిన చోట బుస్సుమని గాలి వచ్చింది. జనం ఎంతో మర్యాదగా చప్పట్లు కొట్టారు.

"పోనీలే నాయనా, ఇకనించి పెద్దడోలు వాయించు. దానికి పళ్లతో పనిలేదు" అంది బ్యాండు మాస్టరు వినిఫ్రెడ్.

"నా పళ్ల సంగతి నీకెలా తెలుసమ్మా?"

"ఊళ్లో తెలియనిదెవరికి? కుక్కలకి కూడా తెలుసు! అలాంటివి మొహానెలా అంటామయ్యా?"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మరి ఊరు మరీ మంచిదైతే నోరేమవుతుంది? డెస్మండ్ వాయిస్తున్నాడు, వినండి: ఢాం! ఢాం!