కంప్యూటర్ చుట్టిన కండెలు

ఈ లోకంలో సమస్యలు రెండే రకాలు: కంప్యూటర్‌లోకి ఎక్కించినవి, ఎక్కించబోయేవి. ఎక్కించిన సమస్య తీరిపోయినట్టే లెక్క. (ఎవరికి తీరిందని అడగడం మర్యాద కాదు.) ఈ పరమసత్యం 2002లో ధర్మవరం పట్టు నేతగాళ్ల సంఘం ఒకదాని కార్యదర్శి హనుమంతరాయుడికి హిందూపురంలో బోధపడింది. మేనల్లుడిని కాలేజీలో చేర్చడానికి పోయి, గోడకు అంటించిన టైంటేబుల్ చూశాడాయన. కంప్యూటర్ వేసిన టైంటేబుల్ అది. అందులో లెక్కల మాస్టారు ఒకే గంటలో రెండు క్లాసులకు పాఠం చెబుతున్నాడు. ఒక్క జీతానికి అంత పని చేసే మనిషిని రాయుడు అంతవరకు చూసి ఉండలేదు.

ఆ టైంటేబుల్ వేసిన విజయ్ కుమార్‌ను వెంటనే ధర్మవరం పిలిపించాడు. సంఘం కష్టం పాతదే. పెళ్లిళ్ల కాలం వస్తే బెంగళూరు షాపులవాళ్లు చీరలేవీ అని ఫోన్ మీద ఫోన్ చేస్తారు. ఇక్కడ చూస్తే పట్టు ఉన్నచోట జరీ ఉండదు, జరీ ఉన్నచోట నేసేవాడు తనే ఏదో పెళ్లికి పోయి ఉంటాడు. ఏ పని ఎవరు, ఎప్పుడు చేస్తే అతి తక్కువ ఖర్చుతో అన్నీ వేళకు తెములుతాయో కంప్యూటర్ లక్షల రకాలుగా పేర్చి చూసి, వాటిలో మేలైనది ఏరి ఇస్తుందని విజయ్ కుమార్ చెప్పాడు. దానికి ఒక గది ఇచ్చారు, గదికి ఏసీ, ఏసీకి కర్టెను. చెప్పులు బయట విడవాలని బోర్డు కట్టి, మొదటిరోజు టెంకాయ కూడా కొట్టారు.

ఇక ఇంటింటి సర్వే. అందులో భాగంగానే విజయ్ కుమార్ వాణి ఇంటికి వచ్చాడు.

వాణి పెనుకొండ పిల్ల. మంజునాథ్‌ను చేసుకుని ధర్మవరం వచ్చినప్పటి నుంచీ రాట్నం ముందే ఉంది. చీరలో అడ్డంగా పోయే పట్టుపోగును ముందుగా చిన్న గొట్టాల మీద చుట్టాలి. వాటినే కండెలంటారు. కండె లేనిదే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆడదు, నాడె ఆడనిదే చీర లేదు. ఏ ఇంట్లో చూసినా ఈ పని ఆడవాళ్లదే. ఇంత ముఖ్యమైన పనికి కూలి కట్టి ఆడవాళ్లను అవమానించడం ఊళ్లో ఎవరికీ ఇష్టం లేకపోయింది.

చేతులు ధర్మవరంలో తిరుగుతున్నా ఆమె మనసంతా పెనుకొండలోనే ఉంది. చెల్లెలు అరుణకు తొలికాన్పు. తల్లి పోయింది. నాయనకు ఎద్దు ఈడిగిలపడితే ఏం చెయ్యాలో తెలుసు గానీ, కూతురి మంచం పక్కన ఎలా కూర్చోవాలో తెలియదు. "నువ్వుంటేనే నాకు ధైర్యమక్కా" అని అరుణ అన్నప్పటి నుంచి వాణికి అన్నం సయించడం లేదు.

"కండెలు ఎవరు చుడతారు?" అని అడిగాడు విజయ్ కుమార్.

ఈ ప్రశ్నకు అన్ని ఇళ్లలోనూ "ఇంట్లోనే" అన్న జవాబే వచ్చింది. ఇల్లు మనిషి కాదు కాబట్టి అతను ఆ గడిని ఖాళీగా వదిలేస్తూ వచ్చాడు. ఇక్కడ మాత్రం వాణి అత్త ఆదిలక్ష్మమ్మ అరుగు మీదే ఉంది, ఆమెకు కోడలంటే కొంచెం గొప్ప.

"మా కోడలు. వాణి అని రాసుకోప్పా. దీని మాదిరి చుట్టేవాళ్లు ఈ వీదిలో ల్యారు."

"కూలెంత?"

"ఇంటి మనిషికి కూలేందప్పా?" అన్నాడు మంజునాథ్, మగ్గం గుంటలోంచి తలెత్తకుండా.

"రోజుకు ఎన్ని గంటలు దొరుకుతారు?"

"యాడికి పోతాది? ఇంట్లోనే ఉంటాది గదా."

విజయ్ కుమార్ కూలి దగ్గర సున్నా, గంటల దగ్గర ఇరవైనాలుగు రాసుకున్నాడు.

"పోయే పని ఉండాది సార్," అంది వాణి. "కార్తీకంలో మా చెల్లెలి కాన్పుకు పెనుకొండకు పోవాల."

అతను పాపం వెతికి చూశాడు. ఆ ఫారంలో కార్తీకానికి గడి లేదు.

కంప్యూటర్ రెండు రోజులు ఆలోచించింది. (కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి ఆలోచించింది.) దానికి తెలిసిన ధర్మవరంలో మగ్గాలు బోలెడున్నాయి, కండెలు చుట్టగల మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషి నిద్రపోదు, వండదు, ఖర్చు లేదు. ఇటువంటి ప్రాణి దొరికితే యంత్రమైనా దేవుడైనా ఏం చేస్తారో అదే చేసింది. సంఘంలోని అన్ని మగ్గాలకూ ఇకమీదట కండెలు వాణి ఇంట్లోనే తయారు కావాలని సర్క్యులర్ వచ్చింది.

మర్నాడు పక్కింటి యల్లక్క పట్టు చిలపల గంప, అంటే చుట్టాల్సిన పోగుల కట్టల గంప, నెత్తిన పెట్టుకుని గడపలో నిలబడింది. వెనక ఇంకో పదిమంది ఆడవాళ్లు.

"ఏం జేసేదమ్మే వాణీ, కంప్యూటర్ చెప్పినాదంట. నీ ఇంట్లోనే చుట్టాలంట."

"నేనొకదాన్నే అందరికీ యాడ చుట్టేదక్కా?"

"నిన్నెవరు చుట్టమన్నారు? నీ ఇంట్లో చుట్టమన్నారు. రాట్నం తెచ్చుకున్నాలే, జరుగు."

అలా ఎవరి రాట్నం వాళ్లు తెచ్చుకుని, ఎవరి కండెలు వాళ్లు, వాణి ఇంటి వసారాలో చుట్టుకోసాగారు. వక్కాకు, ఊరి సంగతులు, ఒకరి అత్త మీద ఇంకొకరి ఫిర్యాదు, అన్నీ అక్కడే. చీరలు వేళకు బెంగళూరు చేరాయి. వాణి అనే ఒక్క మనిషి ఊరి పనంతా చేసి పారేసిందని కంప్యూటర్ నివేదిక ఇచ్చింది. హనుమంతరాయుడికి హిందూపురం లెక్కల మాస్టారు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

రుచి మరిగిన యంత్రం ఊరికే ఉండదు. రెండో ప్రణాళికలో గోడౌన్ కావలి సుంకప్ప పని కూడా వాణికే వేసింది, సుంకప్పకు జీతం ఉంది కాబట్టి. చీరల మూటలను ప్యాసింజర్ రైల్లో హిందూపురం చేర్చే పనీ ఆమెకే పడింది, అదీ గోడౌన్‌కు కావలి ఉన్న వేళలోనే. మూడో ప్రణాళికలో, గౌరవ వేతనం తీసుకునే మనిషి కన్నా తీసుకోని మనిషి మేలని లెక్కగట్టి, కార్యదర్శి సంతకాలు కూడా వాణినే పెట్టమంది. రాయుడు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, విజ్ఞానానికి కూడా ఒక హద్దుంటుందని విజయ్ కుమార్‌కు సౌమ్యంగా చెప్పాడు. ఆ హద్దు ఆనాటి నుంచి ఆయన బల్ల దగ్గర మొదలైంది.

కార్తీకం రానే వచ్చింది. పెనుకొండ నుంచి నాయన ఫోన్ చేశాడు. అరుణకు కాళ్లు వాచాయట, డాక్టరమ్మ ఆసుపత్రిలో చేరమందట. వాణి సంఘానికి పోయి చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లింది.

"పది దినాలు పోయొస్తా సార్."

విజయ్ కుమార్ పది రోజులు ఆమెను తీసేసి యంత్రాన్ని అడిగాడు. అది గుర్రుమని చప్పుడు చేసి, సాధ్యం కాదంది.

"చూసినావా అమ్మా," అన్నాడు రాయుడు. "నువ్వు పోతే ధర్మవరమే నిలిచిపోతాదంట."

"నేను అంత పెద్దదాన్నా సార్?"

"నేను జెప్పేది కాదు, కంప్యూటర్ జెప్తాండాది."

"అట్లయితే దానికి నాలుగు రూకలు కూలి కట్టమని చెప్పండి సార్. నేను ల్యాని దినాలకు ఇంకెవరినన్నా పెట్టుకుంటా."

న్యాయమైన మాటే కదా అని విజయ్ కుమార్ సున్నా చెరిపి కండెకు ఒక రూపాయి వేశాడు. ఒక్క రూపాయి. ఊరి కండెలన్నిటికీ ఆ రూపాయి చొప్పున పడేసరికి, సంఘం దివాలా తీస్తుందని కంప్యూటర్ తేల్చింది. ఆమె లేకపోతే జరగదు, ఆమెకు ఇస్తే మిగలదు. విజయ్ కుమార్ గబగబా మళ్లీ సున్నా వేశాడు. అప్పుడు గానీ గదిలో కంప్యూటర్‌తో కలిపి ముగ్గురికీ ఊపిరాడలేదు. (నాలుగో మనిషి వాణి.)

ఆమెకు కోపం వచ్చింది. చానా కోపం వచ్చింది. చెప్పులేసుకుని అటునుంచటే స్టేషనుకు పోయి ప్యాసింజర్ ఎక్కింది. సాయంత్రానికి అరుణ చెయ్యి ఆమె చేతిలో ఉంది. మూడో రోజు మగపిల్లవాడు పుట్టాడు. వాడికి తొలి స్నానం పోస్తూ వాణి ఎందుకో ఏడ్చింది, సంతోషంతోనే.

ధర్మవరంలో వాణి వసారా ఖాళీగా ఉంది. రాయుడు స్వయంగా యల్లక్క గడపకు వచ్చాడు.

"ఏమ్మా, ఎవరిండ్లలో వాళ్లు చుట్టుకోవచ్చు గదా?"

"మేమెట్ల చుడతాము సార్? కంప్యూటర్లో మా పేర్లు ల్యావంట గదా. ల్యానోళ్లం యాడన్నా పని జేస్తామా?" అని యల్లక్క కాళ్లు చాపుకుని మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. ఆ వీధిలో ఆడవాళ్లందరికీ సరిగ్గా అప్పుడే తాము లేమన్న సంగతి గుర్తుకొచ్చింది.

మగ్గాలు ఒక్కటొక్కటే ఆగిపోయాయి. మంజునాథ్ రాట్నం ముందు కూర్చుని, పట్టు చిలపను చిక్కు చేసి, ఆ చిక్కు విప్పబోయి ఇంకో చిక్కు చేసి, చివరికి ఎస్టీడీ బూతుకు పోయాడు.

"ఎప్పుడొస్తాండావు వాణీ?"

"కంప్యూటర్నడుగు," అని ఫోన్ పెట్టేసింది.

పది రోజులూ నిండాక తిరిగి వచ్చింది. హనుమంతరాయుడు ఆమెను పిలిపించి, కోప్పడకుండా కుర్చీ కూడా వేయించాడు. నిజానికి ఆయన మంచివాడు. సంఘం నష్టానికి బాధ్యులెవరో తేల్చమని పాలకవర్గం కంప్యూటర్‌ను అడిగిందట. అది రూలు ప్రకారం, రాని మనిషి కూలిని రాని రోజులతో హెచ్చవేసింది.

"నువ్వేం భయపడొద్దమ్మా. నీవల్ల జరిగిన నష్టం సున్నా అని వచ్చినాది. అందరమూ సంతోషపడినాము."

వాణి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

"ఇంగ నీకు ఈ బాధ ఉండకూడదని నీ పేరూ, ఆ కండెల గడీ రెండూ తీసేయించినాలే."

వాణి ఇంటికొచ్చి రాట్నం ముందు కూర్చుంది. గోడకు అవతల యల్లక్క రాట్నం కూడా మొదలైంది, పిల్లలకు కూడు కావాలి కదా. ఆనాటి నుంచి కంప్యూటర్ ప్రణాళికలో చిక్కన్నది లేదు. ధర్మవరంలో కండెలు మళ్లీ వాటంతట అవే చుట్టుకుంటున్నాయి.