మూడూ ఒకే ఫోటోలో

"ఒక్క మోపు కోసుకుంటాన్రా. గట్టు పక్కది. ఎవరికీ కనపడదు," అంది మా అత్తయ్య.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? అది గడ్డి కాదు, ఎగ్జిబిట్," అన్నాడు మా మరిది.

"ఆ సంగతి ఆవుకి తెలీదు కదా!"

"అందుకే ఆవుని గేటు బయట ఉంచాం."

ఈ గొడవ మా వంటింట్లో ఆ పొద్దున పుట్టింది కాదు. పొద్దున టీతో మొదలై, మధ్యాహ్నం కాస్త కునుకు తీసి, మళ్ళీ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి లేచి కూర్చునేది. ఆ రోజు మాత్రం మా మరిది గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, గొంతు సవరించుకున్నాడు. వినడానికి వంటింట్లో మేం నలుగురమే ఉన్నాం. అయినా అతను కిటికీ అవతల వేలమంది ఉన్నట్టు అటే చూస్తూ మాట్లాడాడు.

"ఈ క్షణం నుంచి మన చేను మన చేను కాదు. ప్రజల చేను. దాన్ని ముట్టుకుంటే పథకాన్ని ముట్టుకున్నట్టు. పథకాన్ని ముట్టుకుంటే సాక్షాత్తూ మంత్రిగారిని ముట్టుకున్నట్టు!"

"మంత్రిగారిని కోసి ఆవుకి వేస్తానన్నానట్రా?" అంది అత్తయ్య.

మామయ్య టీ గ్లాసులోకి నవ్వారు. మా ఆయన నవ్వలేదు. ఆయన అప్పుడే చేను చుట్టూ తిరిగి వచ్చారు.

మా మరిది గొప్పవాడని ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే తర్వాత అతనే చెబుతాడు. అతన్ని అందరూ కన్వీనరు అంటారు. దేనికి కన్వీనరని ఎవరూ అడగరు. అడిగితే, ఆ విషయం తేల్చడానికి ఒక కమిటీ వేసి దానికీ తనే కన్వీనరవుతాడు. మంత్రిగారితో కలిసి తీయించుకున్న ఫోటో ఒకటి అతని దగ్గరుంది. అందులో మంత్రిగారిది పూర్తి మొహం, మా మరిదిది ఎడమ చెవి. ఆ చెవి తనదేనని మేమందరం ఒప్పుకున్నాం.

పథకం పేరు 'ముప్పేట'. చెప్పుకోవాల్సి వస్తే నిజంగానే మంచి పథకం. మొక్కజొన్న సాళ్ళ మధ్య గినీ గడ్డి విత్తనం చల్లుతారు. మొక్కజొన్న పచ్చగా ఉన్నన్నాళ్ళూ దాని నీడలో గడ్డి అణిగిమణిగి ఉంటుంది, కొత్త కోడలిలాగా. కండెలు విరిచి, చొప్ప కోసేశాక ఎండ తగిలి ఒక్కసారిగా లేస్తుంది, పాతబడ్డ కోడలిలాగా. అప్పుడు పశువుల్ని చేలోకి వదలాలి. అవి మేస్తాయి, పేడ వేస్తాయి, నేల బలపడుతుంది, మళ్ళీ మొక్కజొన్న వేసుకోవచ్చు. గింజ మనిషికి, గడ్డి గొడ్డుకి, పేడ నేలకి. ఇదంతా వ్యవసాయ శాఖ ఆఫీసరుగారు రాసిన కరపత్రంలో, ఒకదాని తర్వాత ఒకటిగా మూడు బొమ్మలతో సహా ఉంది. మా ఇంట్లో ఆ కరపత్రం చదవనిది కన్వీనరు ఒక్కడే.

మా చేను రోడ్డు పక్కనే ఉంటుంది. మోడల్ చేనుకి అంతకు మించిన అర్హత అక్కర్లేదు గనక మాదే ఎంపికైంది. ఆ చేను అత్తయ్యకి పుట్టింటివాళ్ళు ఇచ్చింది. ఆ మాట ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తదు గనకే మాకెవరికీ మరుపు రాదు.

విత్తనం వేళకే వచ్చింది. పైరూ బాగా లేచింది. తంటా అంతా ఫ్లెక్సీతో వచ్చింది. అది పైరు కంటే ముందే ఎదిగింది. ఫ్లెక్సీ వేసినాయనకి కరపత్రంలోని మూడు బొమ్మలూ ఇచ్చి, ఉన్న జాగాలో సర్దమన్నారట. ఆయన మూడింటినీ కలిపి ఒకటే బొమ్మ చేశాడు. నిలువెత్తు మొక్కజొన్న, దానికి నిండు కండెలు. మధ్యలో నడుమెత్తు పచ్చగడ్డి. గడ్డిలో మూతి పెట్టిన ఆవు. ఆవు వీపు మీద చెయ్యేసి చిరునవ్వుతో మంత్రిగారు. ఆ బొమ్మ మంత్రిగారికి ఎంత నచ్చిందంటే, ప్రారంభోత్సవం నాటికి చేను అచ్చం అలాగే ఉండాలని, తను వచ్చి అలాగే ఫోటో దిగుతానని కబురు పెట్టారు.

కాబట్టి కండెలు విరవకూడదు. కాబట్టి గడ్డి కొయ్యకూడదు. ఆవు ముందే మేసేస్తే మంత్రిగారొచ్చేనాటికి మేయడానికేముంటుంది? కాబట్టి ఆవుని వదలకూడదు. చేనుకి కంచె వచ్చింది, గేటు వచ్చింది, గేటుకి తాళం వచ్చింది. మంత్రిగారు మాత్రం రాలేదు. గడ్డిపెంపకం చూసి రావడానికి వారు విదేశాలకు వెళ్ళారు. మా గడ్డి చూడడానికి తీరిక దొరకకపోవడానికి కారణం అదే.

ఏటా ఈపాటికి పెరట్లో చొప్ప వామి ఉండేది. ఈసారి చొప్ప చేలోనే నిలబడి ఉంది. దాని ఆకులెండి వాలిపోయాక గడ్డి పక్కనే లేచి నిలబడింది. గేటు బయట మా ఎర్రావు నిలబడింది. చిలకలకి మాత్రం ఎవరూ ఏ ఆంక్షా పెట్టలేదు.

పాలు తగ్గాయి. దూడకి వదిలాక మిగిలినవి టీకి రంగు మార్చడానికి సరిపోయేవి. తర్వాత ఆ రంగు కూడా మారడం మానేసింది. నేను పెరుగు తోడుపెట్టే గిన్నె మార్చి చిన్నది తీశాను. మామయ్య గిన్నె వైపు చూసి, నా వైపు చూశారు.

"డొక్కలు లోపలికి పోయాయి. ఇంకొన్నాళ్ళిలాగే ఉంటే వట్టిపోతుంది," అంది అత్తయ్య ఒకరోజు, ఆవు వీపు నిమురుతూ.

"పోనీ అమ్మేద్దామా? కడుపు నిండా తిండి పెట్టేవాళ్ళింటికి పోతుంది," అన్నారు మా ఆయన నెమ్మదిగా.

అత్తయ్య ఆవు వీపు మీంచి చెయ్యి తీయలేదు. ఆ పూట అన్నమూ తినలేదు.

ఆఫీసరుగారు ఏర్పాట్లు చూడ్డానికొచ్చినప్పుడు అత్తయ్య ఆయన్ని గేటు దగ్గరే పట్టుకుంది.

"బాబూ, మీరే రాశారు కదా, మొక్కజొన్న తీసేశాక గడ్డి మేపాలని. తీయనివ్వరేం?"

ఆఫీసరుగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "రాశానమ్మగారూ. గడ్డి ముదిరితే కాడ గట్టిపడుతుంది, పశువు తినదు అని కూడా రాశాను. నాలుగో పేజీలో."

"మరి?"

"ఫ్లెక్సీలో పేజీలుండవమ్మా," అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూసి అత్తయ్య ఆయన్ని ఇంటికి రమ్మంది. లోపలికి వచ్చి టీ పెట్టించింది. నల్లటి టీ. ఆయన మారుమాట లేకుండా తాగేశారు.

చివరికి మంత్రిగారి రాక ఖాయమైంది. ముందురోజు రిహార్సల్. మా మరిది గేటు తాళం తీసి, ఆవుని స్వయంగా లోపలికి నడిపించాడు. ఆఫీసరుగారు మంత్రిగారి స్థానంలో నిలబడి, ఆవు వీపు మీద చెయ్యి వెయ్యబోయారు. ఎర్రావు ఆయన్నీ చూడలేదు, ఆయన కాళ్ళ దగ్గర గడ్డినీ చూడలేదు. తిన్నగా మొక్కజొన్న మీదికి పోయి, ఒక కండెని పొట్టుతో సహా లాగి, కళ్ళు మూసుకుని నమలసాగింది. తర్వాత రెండోది. ఇన్నాళ్ళ లోటు తీర్చుకుంటున్నట్టు మూడోది.

"ఆపండి! కండెలు తినేస్తే ఫోటోలో కండెలేవి?" అని అరిచారు ఆఫీసరుగారు.

"గడ్డి తిను తల్లీ! గడ్డి!" అని మా మరిది ఒక పరక పీకి ఆవు మూతికి అందించాడు. ఎర్రావు దాన్ని వాసన చూసి, జాలిగా అతని వైపు చూసి, నాలుగో కండె అందుకుంది.

గట్టు మీద కూర్చున్న మామయ్య ఉద్యోగంతో పాటు గొడవల నుంచి కూడా రిటైరయిన మనిషి. ఆయన తువ్వాలు దులుపుకుని లేస్తూ, "చిక్కం కట్టండి మరి. మేత మధ్యలో నిలబెట్టి నోటికి చిక్కం. అంతకంటే బావుంటుందా!" అన్నారు.

మా మామయ్య వెటకారం ఇంట్లో అందరికీ అర్థమవుతుంది, ఒక్కరికి తప్ప.

"సూపర్ నాన్నా!" అన్నాడు మా మరిది.

నాగలి కట్టే రోజుల్లో, సాళ్ళలో నడిచేటప్పుడు ఎడ్లు పైరు కొరక్కుండా మూతికి కట్టిన తాళ్ళ బుట్ట అది. అటక మీద నుంచి దాన్ని దింపి, దుమ్ము దులిపి, కుంకుడు రసంతో కడిగి ఆరబెట్టింది నేనే. ప్రభుత్వ కార్యక్రమం కదా, శుభ్రంగా ఉండాలి.

మర్నాడు మంత్రిగారు వచ్చారు. రోడ్డు పొడుగునా కార్లు నిలిచాయి. మైకు పెట్టారు. అంతకు ముందు వారం వానకి తడిసిన చేలో నడవడానికి తివాచీ పరిచారు. మంత్రిగారు ముందుగా ఒక కండె విరిచి, ఎత్తి అందరికీ చూపించి, పొట్టు ఒలిచారు. లోపల గింజలు తెల్లటి మొలకలెత్తి ఉన్నాయి. మా ఆయన తల తిప్పుకున్నారు.

"ఇదేమిటి?" అన్నారు మంత్రిగారు.

"చేలోనే మొలకెత్తే రకం సార్! మళ్ళీ విత్తే పని లేదు!" అన్నాడు మా మరిది.

"శభాష్!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి. ఆఫీసరుగారు కూడా కొట్టారు. అయితే ఆయన రెండు చేతులూ ఒకదాన్నొకటి తాకడం నేను చూడలేదు.

తర్వాత ఆవు. ఎర్రావు పొట్ట తాకేంత గడ్డిలో, తల మీద వాలే కండెల కింద, నోటికి చిక్కంతో నిలబడి ఉంది. చిక్కంలోంచి చొంగ కారుతోంది. గేటు అవతల దూడ అరుస్తోంది. మంత్రిగారు వీపు మీద చెయ్యేశారు. ఫోటోలు తీశారు. అప్పుడు వారి చూపు మూతి మీద పడింది.

"ఇదేమిటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆఫీసరుగారి చొక్కా వీపున తడిసిపోయింది. మా మరిది ఒక్కడే ముందుకొచ్చాడు. అందుకే అతను గొప్పవాడన్నాను.

"మేత నియంత్రణ పరికరం సార్."

"మన పథకంలో ఉందా?"

"ఉంది సార్. పథకమంతా దీని మీదే నిలబడి ఉంది."

మంత్రిగారు ఆవు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. "అద్భుతం! ఇంత మేత మధ్య నిలబడి కూడా నోరు కదపడం లేదు. మన కార్యకర్తలు దీన్ని చూసి నేర్చుకోవాలి. ఆఫీసరుగారూ, దీనివల్ల మేత ఎంత ఆదా అవుతుంది?"

"పూర్తిగా సార్," అన్నారు ఆఫీసరుగారు. ఆ మధ్యాహ్నం ఆ చేలో ఎవరైనా నిజం చెప్పారంటే ఆ ఒక్కసారే.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "సోదరులారా! గడ్డి పెంచడం ఒక ఎత్తు. పెంచిన గడ్డి తరగకుండా చూడడం మరో ఎత్తు. విదేశాల్లో నేను ఎంతో గడ్డి చూశాను. అక్కడ పశువులు దాన్ని విచ్చలవిడిగా తినేస్తున్నాయి. అడిగే నాథుడు లేడు! అందుకే ముప్పేట రెండో దశ కింద ఇంటింటికీ, ప్రతి పశువుకీ, ఉచితంగా చిక్కం!"

ఆ చప్పట్లకి చిలకలు కూడా లేచిపోయాయి. చిక్కాల పంపిణీ కమిటీకి కన్వీనరెవరో నేను చెప్పక్కర్లేదు. రెండో దశ ప్రారంభమయ్యేదాకా ఈ చేనుని ఉన్నదున్నట్టు కాపాడాలని కూడా మంత్రిగారు ఆదేశించారు. ఎప్పుడు ప్రారంభమని ఆఫీసరుగారు అడిగారు. ఫ్లెక్సీ రాగానే అన్నారు.

సాయంత్రం అందరం ఒకేసారి భోజనాలకి కూర్చున్నాం. మా మరిది ఇంకా ఉతికిన చొక్కాలోనే ఉన్నాడు, చిక్కాన్ని పక్కనే పెట్టుకుని.

"మంత్రిగారు నా భుజం తట్టారు వదినా. నువ్వు చూశావా?"

"చూశాను. ఈసారి చెవి కూడా పూర్తిగా పడి ఉంటుంది," అన్నాను.

"మన చిక్కాన్ని శాంపిల్‌గా రాజధానికి పంపాలి. దాన్ని చూసే లక్షలు అల్లిస్తారు. మన ఇంటి పేరు..."

అత్తయ్య అందరికీ వడ్డించి, తన కంచం తెచ్చుకుని, మామూలుగా కూర్చునే చోటే కూర్చుంది. రెండు ముద్దలు తింది. మంచినీళ్ళు తాగింది.

"మా నాన్న ఇచ్చిన చేను," అంది. గొంతు పెంచలేదు.

అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. మామయ్య మొహం చూస్తే ఆయనకీ అంతేననిపించింది.

"రేపు పొద్దున్నే కండెలు విరుస్తున్నాం. పనికొచ్చేవి ఏరుకుంటాం, మిగిలినవి ఆవుకి కొంచెం కొంచెంగా పెడతాం. చొప్ప కోసి వామి వేస్తాం. గడ్డిలో ముదురు కాడలు కొట్టేసి, ఎర్రావునీ దూడనీ వదులుతాను. ఆవుని అమ్మేది లేదు. గేటు ఇందాకే ఊడదీయించాను. ఫ్లెక్సీ కండెల మీద కప్పడానికి ఉంచండి, మళ్ళీ వానొచ్చేలా ఉంది."

"అమ్మా, రెండో దశ..."

"చిక్కం మాత్రం రాజధానికి పంపొద్దు," అంది అత్తయ్య. ఎడమ చేత్తో దాన్ని అందుకుని లేచి, మా మరిది కూర్చున్నచోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న మేకుకి తగిలించి, మళ్ళీ వచ్చి కూర్చుంది. "ఇంట్లో పని పడొచ్చు."

మా మరిది నోరు తెరిచాడు. మేకు వైపు చూశాడు. తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకున్నాడు.

మామయ్య అలవాటుగా పెరుగు గిన్నె వైపు చెయ్యి చాపి, సగంలో వెనక్కి తీసుకున్నారు.

"నాలుగు రోజులాగండి," అంది అత్తయ్య. "కోడలూ, ఆ పాత పెద్ద గిన్నె కడిగి పెట్టు."