జీతమన్నాక సంతకం పెట్టాలి

పింఛను కూడా జీతమేనని, జీతం మీద వేసినట్టే దాని మీదా పన్ను వెయ్యాలని చట్టం ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. ఇందులో వింతేమీ లేదు. కట్టేవాళ్ళు కడుతున్నారు, తిట్టుకునేవాళ్ళు తిట్టుకుంటున్నారు. అయితే ఆ ఏడు లెక్కల తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన, మహా చురుకైనవాడు, ఒక ఘోరం కనిపెట్టాడు. లక్షలాదిమంది జీతం తీసుకుంటున్నారు, జీతం పన్నూ కడుతున్నారు, ఆఫీసుకి మాత్రం ఒక్కరోజూ రావడంలేదు! ప్రభుత్వం దిగ్భ్రాంతి చెందింది. తేరుకోగానే ఉత్తర్వు జారీ చేసింది. జీతం అందుకుంటున్న విశ్రాంత ఉద్యోగులందరూ సోమవారం నుంచి పదింటికల్లా హాజరుపట్టీలో సంతకం చేసి, సాయంత్రం అయిదుదాకా తమతమ కార్యాలయాల్లో కూర్చొనవలెను.

ఈ ఉత్తర్వు పెద్దగుమాస్తాగారింటికి శుక్రవారం మధ్యాహ్నం చేరింది. ఆ సమయానికి ఆయన సూట్‌కేసు మీద మోకాలేసి నొక్కుతున్నాడు, భార్య తాళం వేస్తోంది. మర్నాడే ప్రయాణం, సముద్రం చూడ్డానికి. "నీకు సముద్రం చూపిస్తానోయ్" అని పెళ్ళయిన కొత్తలో ఆయన అన్న మాట అది. అప్పట్నుంచీ ఆవిడ ఎదురుచూస్తూనే ఉంది. ఆయన మాట తప్పే మనిషి కాదు, సెలవు పెట్టే మనిషి కాదంతే. సర్వీసు మొత్తంలో సెలవు వాడిన పాపాన పోలేదు. జ్వరమొస్తే జ్వరంతోనే వెళ్ళాడు. పెద్దకూతురు పుట్టినప్పుడు ఆఫీసు మూశాకే ఆస్పత్రికి వచ్చి, "ఆలస్యమైందా?" అని నర్సుని అడిగాడు. అలా కూడబెట్టిన సెలవులన్నీ రిటైరైన రోజున గంపగుత్తగా ప్రభుత్వానికే అమ్మేశాడు. ఆ డబ్బు మీద చిల్లిగవ్వ పన్ను లేదని వీధి వీధంతా చెప్పుకున్నాడు కూడా.

"ఇప్పుడెలాగండీ?" అంది భార్య, తాళంచెవి చేత్తో పట్టుకుని.

"ఎలాగేముంది? సోమవారం సంతకం పెట్టేసి, సెలవుచీటీ రాసిచ్చి వచ్చేస్తాను. టిక్కెట్లు మార్పించి బుధవారం రైలెక్కుదాం. సెలవుల సెక్షన్లో ఉన్నది నేను పని నేర్పిన కుర్రాడేగా."

సోమవారం నాడు కార్యాలయం కళకళలాడింది. చేతికర్రలవాళ్ళు, చెవిమిషన్లవాళ్ళు, ఎందుకొచ్చారో మరిచిపోయినవాళ్ళు, అందరూ పదింటికే హాజరు. కుర్చీలు లేవు కాబట్టి కొందరు మెట్ల మీద, కొందరు రికార్డు గదిలో పాత ఫైళ్ళ కట్టల మీద సర్దుకున్నారు. పని ఏమీ ఇవ్వలేదు. పని ఇస్తే కొత్త ఉద్యోగం ఇచ్చినట్టవుతుంది, కొత్త ఉద్యోగాల మీద నిషేధం ఉంది. విశ్రాంత డ్రైవరు షెడ్డులో తుప్పు పట్టిన జీపెక్కి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. విశ్రాంత అధికారి కనిపించీ కనిపించగానే విశ్రాంత బంట్రోతుని మంచినీళ్ళు ఆలస్యమైనందుకు చెడామడా తిట్టాడు. రిటైరయ్యాక ఆ ఇద్దరి మొహాల్లో వెలుగు కనిపించడం అదే మొదలు.

ప్రస్తుత అధికారి రెండో అంతస్తు మెట్ల మీద నిలబడి ప్రసంగించాడు. "పెద్దలారా! కొన్ని ప్రభుత్వాలు వృద్ధుల్ని మూల కూర్చోబెడతాయి. మనది అలాంటి ప్రభుత్వం కాదు, మెట్ల మీద కూర్చోబెట్టింది. మీ పన్నులోంచి మీకు పింఛను వస్తోంది. ఆ పింఛనులోంచి మీరు పన్ను కడుతున్నారు. ఈ చక్రం ఇలా తిరుగుతున్నంతకాలం దేశం ముందుకే పోతుంది!"

మళ్ళీ రిటైరయ్యేది ఎప్పుడండీ అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"మనిషి ఒక్కసారే రిటైరవుతాడు. రెండోసారంటే రెండో గ్రాట్యుటీ అడుగుతారు. ఖజానా ఏమైపోవాలి?"

అందరూ చప్పట్లు కొట్టారు. పాత అలవాటు, ఎక్కడికి పోతుంది!

సెలవుల సెక్షన్ కుర్రాడు గురువుని చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చాడు. చీటీ తీసుకుని, కంప్యూటర్లో చూసి, నొచ్చుకున్నాడు.

"మీ ఖాతాలో సెలవు సున్నా గురువుగారూ. అన్నీ అమ్మేసుకున్నారుగా."

"జీతం లేని సెలవైనా ఇవ్వవోయ్."

"ఇస్తే సర్వీసు తెగుతుంది. సర్వీసు తెగితే పింఛనుకి అర్హత పోతుంది. మీరే నేర్పారు."

"పోనీ, ఆ నాలుగురోజుల పింఛనూ వద్దని రాసిస్తాను."

"వద్దంటే రాజీనామా కింద లెక్క. ఇన్నాళ్ళూ తిన్నది కక్కాలి."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేలా ఉంది. అయినా పెద్దగుమాస్తాగారికి కోపం రాలేదు. శిష్యుడు ఎక్కడా తడుముకోకుండా చెబుతుంటే గర్వంతో కళ్ళు చెమర్చాయి.

శిష్యుడు గొంతు తగ్గించాడు. "అమ్మగారికైతే ఒక దారుంది. భర్త పోయాక భార్యకొచ్చే పింఛనుంది చూశారూ, దాన్ని చట్టం జీతమనలేదు, 'ఇతర ఆదాయం' అంది. సంతకం గొడవే లేదు. ఆవిడ హాయిగా ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు సముద్రం చూసుకోవచ్చు."

"అంటే నేను పోవాలన్నమాట."

"అయ్యో, నేను నిబంధన చెప్పాను గురువుగారూ. సలహా కాదు."

దారంతా ఆలోచించినా ఆ నిబంధనలో ఆయనకి తప్పు దొరకలేదు. ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అయితే మీకు సెలవు దొరకడం ముందా, మీరు పోవడం ముందా?" అంది భార్య.

ఆయన నిజాయితీపరుడు. "ఫైలు నడిచే తీరు చూస్తే, పోవడమే ముందు" అన్నాడు.

ఆవిడకి ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమొచ్చింది. "నా పురుళ్ళకి పెట్టని సెలవులండీ అవి! అన్నీ మీవే అనుకుని అమ్మేశారు. అందులో సగం నావి. అయినా నన్నెవరు ఆపారు? నాకు జీతమా, పింఛనా? నన్ను పట్టించుకున్న చట్టమే లేదు. మీ టిక్కెట్టు మీద అక్కని తీసుకెళ్తాను."

ఇంత చిన్న సంగతి గురుశిష్యులిద్దరికీ తట్టలేదు. ఆవిణ్ణి ఆపడానికి నిబంధనేదైనా ఉందా అని ఆయన కాసేపు వెతుక్కుని, లేదని తేలాక సూట్‌కేసు రైలుదాకా మోశాడు.

గురువారం ఆయన రికార్డు గదిలో ఫైళ్ళ కట్ట మీద కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"మాట్లాడకండి, వినండి" అంది భార్య.

ఫోను అలలవైపు పెట్టినట్టుంది. హోరు. ఆగినట్టే ఆగి మళ్ళీ హోరు. ఆవిడ పక్కన తను ఉండాల్సింది, లేడు, ఆ దుఃఖం ఆయనకి అప్పుడు తెలిసింది. ఏడ్చేశాడు. ఆఫీసు వేళల్లో ఏడవడం ఆయన సర్వీసులోనే మొదటిసారి.

"ఏంటి సార్?" అన్నాడు విశ్రాంత డ్రైవరు.

"సముద్రమోయ్."

"ఏదీ, ఒక్కసారి ఇటివ్వండి."

ఫోను చేతులు మారింది. విశ్రాంత బంట్రోతు విన్నాడు. విశ్రాంత అధికారి వరసలో తన వంతు కోసం నిలబడ్డాడు, జీవితంలో మొదటిసారి. మెట్ల మీదివాళ్ళు కూడా దిగొచ్చారు. "చెయ్యి నొప్పెడుతోందండీ, మార్చుకుంటున్నా" అని అటునుంచి ఆవిడ గొంతు వినిపిస్తే, అప్పుడు ఫోను పట్టుకున్న ముసలాయనెవరో "పరవాలేదమ్మా, మెల్లిగానే కానీ" అన్నాడు. ఆ పూట ఎవరూ ఎవర్నీ తిట్టలేదు.

తరవాతి సోమవారం నోటీసు అంటించారు. 'కార్యాలయ ఆవరణలో, పని వేళల్లో ఉద్యోగులకు అందిన సముద్రఘోష జీతంతోపాటు దక్కిన సౌకర్యమగును గనుక పన్నుకు లోబడును. విన్నవారందరూ సమానముగా చెల్లించవలెను.'

పెద్దగుమాస్తాగారికి ఒళ్ళు మండిపోయింది. ఉత్తర్వు చూసి ఒళ్ళు మండటం ఆయనకి కొత్త. స్టూలెక్కాడు. అరిచాడు. "ఇదేం అన్యాయమయ్యా! ఇవాళ వింటే పన్ను, రేపు ఊపిరి పీలిస్తే పన్ను. చాలిక! నేను సంతకం పెట్టను. మీరూ పెట్టకండి. అందరం కలిసి ఇళ్ళకి పోదాం పదండి. ఇంతమందిని ఏం చేస్తారో చూద్దాం!"

అందరూ ఆలోచనలో పడ్డారు. చివరికి విశ్రాంత డ్రైవరు చెయ్యెత్తాడు.

"అంతా బాగానే ఉంది సార్. ఆ ఫోను మీదే కదా. అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువసేపు విన్నది మీరు. మరి మీకూ మాకూ ఒకటే పన్ను ఏంటి?"

"అదీ!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. గది అట్టుడికిపోయింది. విశ్రాంత అధికారి తను విన్నది ఒక్క అలేనని ప్రమాణం చేశాడు. ఎవరి చెవి దగ్గర ఫోను ఎంతసేపుందో పక్కవాళ్ళకి కచ్చితంగా గుర్తుంది. ఎవరెంత వింటే అంత పన్ను వెయ్యాలని, ఎక్కువ విన్నవాళ్ళని వదలకూడదని అప్పటికప్పుడు మహజరు తయారైంది. పెద్దగుమాస్తాగారు తప్ప అందరూ సంతకాలు చేశారు.

మధ్యాహ్నం మహజరు అందితే సాయంత్రానికి ఉత్తర్వు సవరించారు. ప్రజల కోరికకి ప్రభుత్వం ఇంత వేగంగా తలవంచడం ఈ మధ్యకాలంలో ఎవరూ ఎరగరు.