గెలాక్సీ చిక్కిపోయిన వైనం

ఆ ఉదయం చుక్కలావిడ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఒక గెలాక్సీని ఇంకోసారి నిశితంగా చూడనివ్వమని పెద్ద రేడియో టెలిస్కోపు వాళ్లకు అర్జీ పంపాలి, ఆ తర్వాత కాఫీ తాగాలి. చుక్కలావిడ అన్నది వీధి పెట్టిన పేరు. ఖగోళ పరిశోధన సంస్థలో మాత్రం ఆమె ఒప్పందం మీద పనిచేసే ఉద్యోగి. ఆ ఒప్పందం నెలాఖరుతో సరి. పొడిగించడమా, సాగనంపడమా అన్నది డైరెక్టరుగారి చేతిలో ఉంది.

తెర మీద రేడియో తరంగాలు వెదజల్లే రెండు భారీ మబ్బులున్నాయి. వాటిని చెరోవైపుకూ ఊదిన గెలాక్సీ నడుమ ఎక్కడో ఉండాలి. చిక్కేమిటంటే, నడుమ రెండు గెలాక్సీలున్నాయి. ఒకటి దగ్గర, ఒకటి బాగా వెనక. రెండింటి వెలుగూ ఎరుపు వైపు ఎంత జరిగిందో చూసి, ఎంత జరిగితే అంత దూరమన్న లెక్కన ఆమె దూరాలు కొలిచేసింది. ఊదింది ఏదో తేలితే తప్ప మబ్బుల అసలు పొడవు తేలదు. కిటికీ చువ్వ మీది ఈగ, ఎదుటి మేడ మీది మనిషి కంటికి ఒకే కొలతలో కనిపిస్తారు మరి.

డైరెక్టరుగారు వెనక నుంచి తొంగిచూశారు. "ఎంతుంటుందమ్మా?"

"దగ్గరిదైతే మామూలుది సార్. వెనకదైతే ఇంతవరకు ఎవరూ చూడనంత పెద్దది."

"వెనకదే."

"ఎలా తెలిసింది సార్?"

"దాని మొహం చూస్తే తెలియట్లా?"

"ఇంకోసారి చూశాక చెబుదాం సార్."

"నీ పొడిగింపు వచ్చేవారమే కదూ? ఇంత పెద్దది పట్టిన మనిషిని ఎవరు వద్దంటారు?"

ఆమె కుక్కిన పేనులా ఊరుకుంది. తప్పు అక్కడే జరిగింది.

మధ్యాహ్నానికి ప్రకటన వెళ్లింది. సాయంత్రానికి టీవీలో వచ్చింది. మర్నాడు మంత్రిగారు అభినందించారు, గేటుకు బ్యానర్ కట్టారు, సన్మానానికి హాలు మాట్లాడారు. "ఆకాశం చూస్తూ కూర్చుంటే పొయ్యి వెలుగుతుందా?" అని ఇన్నాళ్లూ సాధించిన అత్తగారు ఇప్పుడు వీధంతా తిరిగి, "మా కోడలు కనిపెట్టింది" అని చెప్పుకొచ్చింది. ఇల్లు మారినకొద్దీ గెలాక్సీ ఇంకాస్త పెరిగింది.

సన్మానం రోజు పొద్దున్నే, ఆమె అర్జీ పెట్టిన టెలిస్కోపు నుంచి కొత్త బొమ్మ వచ్చింది. మబ్బుల్లోకి పారే సన్నటి రేడియో ధార సూటిగా దగ్గరి గెలాక్సీ నడిబొడ్డు నుంచే బయల్దేరింది. చుక్కలావిడ ఇంకోసారి కొలిచి చూసింది. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. కానీ ఆ బొమ్మను ఇంకెవరైనా ఏనాడైనా చూస్తారు. చూడకపోయినా తను చూసింది. భయపడుతూనే వెళ్లి చెప్పింది.

"ఎంత తగ్గుతుంది?" అన్నారు డైరెక్టరుగారు.

"పదో వంతుకి సార్."

"సగం చెయ్యడానికి వీల్లేదా?"

"బేరం ఆడే చోటు కాదు సార్."

ఇంట్లో అత్తగారు గుండెలు బాదుకుంది. "చిన్నదైపోవడమేమిటే? ఉతికితే ముడుచుకుందా? పక్కింటావిడకి నా మొహం ఎలా చూపించను?"

హాలు ఎలాగూ మాట్లాడారు కనుక కార్యక్రమం జరిగింది, బ్యానర్ మాత్రం మార్చారు. ఒక ఉద్యోగి తొందరపాటును సంస్థ సకాలంలో పట్టుకుందనీ, పరువు పోతుందని తెలిసీ నిజం చెప్పిందనీ డైరెక్టరుగారు ప్రకటించారు. పత్రికలు డైరెక్టరుగారిని ఆకాశానికెత్తాయి. మంత్రిగారు నిజాయితీకి ఏటేటా ఒక పురస్కారం పెట్టి, మొదటిది ఆయనకే ఇచ్చారు. మరుసటి వారం పొడిగింపుల కోసం కూర్చున్న డైరెక్టరుగారి కమిటీ, తొందరపాటు మనిషి తమకు పనికిరాదని తేల్చి, చుక్కలావిడను ఇంటికి పంపింది. ఇదేం న్యాయమని ఆమె అడుగుదామనుకుంది గానీ, ఎవర్ని అడగాలి? ఆరోజు ఊరుకున్నది తనే. ఆ మాట తల్చుకున్నప్పుడల్లా ఒళ్లు మండేది.

పురస్కార సభను టీవీలో చూపించారు. "కొలవకుండా నోరు విప్పకూడదు, అదే శాస్త్రం" అంటున్నారు డైరెక్టరుగారు, మెడలో దండతో.

అత్తగారు కళ్లజోడు సవరించుకుని, కోడలి వైపు తిరిగింది. "ఎంత బాగా చెబుతున్నాడో విను. అంతటివాడి దగ్గర పనిచేసి కూడా నువ్వేం నేర్చుకోలేదు."