నా మతిమరుపు నయమైన వైనం

మతిమరుపును జబ్బు అన్నవాడికి ఇల్లూ లేదు, ఆఫీసూ లేదని నా గట్టి అభిప్రాయం. ఆ రెండూ ఉన్నవాడెవడైనా దాన్ని వరమనే అంటాడు!

మీరే ఆలోచించండి. సోమవారం మేనేజరు పెట్టిన చీవాట్లు మంగళవారం దాకా గుర్తుంటే మళ్లీ ఆ సీట్లో కూర్చోగలమా? తోడల్లుడు నలుగురిలో అన్న మాట పదేళ్లు గుర్తుంటే వాళ్ల గడప తొక్కగలమా? మరుపే లేకపోతే లోకంలో చుట్టరికాలన్నవి మిగులుతాయా?

ఈ వరానికి నేను పెట్టి పుట్టాను. మా ఆవిడ తెమ్మన్న బల్బు, ఇస్త్రీకి ఇమ్మన్న బట్టలు, పిలవమన్న ప్లంబరు... ఏదైనా సరే, ఇట్టే మరిచిపోతాను. "అయ్యో, మరిచిపోయానే" అంటే చాలు, ఆ కేసు అక్కడితో కొట్టేసినట్టే.

సైన్సు కూడా నా పక్షమే. అప్పటికప్పుడు బుర్రలో ఓ ఏడు సంగతులకు మించి నిలవవట! మా ఆవిడ చెప్పేది ఎప్పుడూ ఎనిమిదోదే అయితే అది నా తప్పా?

ఇలా హాయిగా సాగుతుండగా మొన్న శనివారం మా అమ్మాయి స్కూల్లో వక్తృత్వ పోటీ వచ్చింది. పిల్ల స్టేజీ ఎక్కడం అదే మొదటిసారి. రెండో వరసలో ఒక కుర్చీ మీద తన బ్యాగు పెట్టి నా కోసం ఆపిందట. చివరిదాకా ఆ కుర్చీలో బ్యాగే కూర్చుంది.

సాయంత్రం అలవాటు ప్రకారం "మరిచిపోయాను తల్లీ" అన్నాను. పిల్ల ఆ బ్యాగు తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. మా ఆవిడే, "ఇది మామూలు మతిమరుపు కాదు, పదండి చూపిద్దాం" అని మానసిక వైద్యుడి దగ్గరికి లాక్కెళ్లింది.

ఆయన ఏడు అంకెలు చదివాడు. తడుముకోకుండా అప్పజెప్పాను. పొద్దున ఫోన్‌లో ఏం చూశారని అడిగాడు. ముక్కూ మొహం తెలియని ఎవరిదో కుక్కపిల్ల పేరు, దాని పుట్టినరోజు, అది చింపిన సోఫా రంగు గడగడా చెప్పేశాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

"మరి పోటీ సంగతి అమ్మాయి మీకెప్పుడు చెప్పింది?"

నేను మా ఆవిడ వంక చూశాను.

"మూడుసార్లు చెప్పిందండీ," అంది తను. "మూడుసార్లూ భోజనాల దగ్గరే. ఈయన ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టారు."

డాక్టరు పెన్ను మూసేశాడు. "మరిచిపోవాలంటే ముందు అది బుర్రకెక్కాలి కదండీ. మనసు పెట్టనిది లోపలికే పోదు. మీకు మతిమరుపు లేదు. మీరు వినలేదు, అంతే."

చూశారా అన్యాయం! ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదీ మన్నించిన జబ్బును ఒక్క మాటతో లేదనేశాడు. ఇకమీదట ఏ మొహం పెట్టుకుని క్షమాపణ అడగాలి? "వినలేదు తల్లీ" అంటే ఏ బిడ్డ ఊరుకుంటుంది?

అయినా పాఠకులు నా గురించి బెంగపడనక్కర్లేదు. ఈ వారం రోజుల్లో నేను మరిచిపోయింది ఒక్కటంటే ఒక్కటి లేదు. నిన్న ఫోన్ పక్కగదిలో పడేసి, చెవులు రిక్కించి మరీ భోజనానికి కూర్చున్నాను. ఎంతసేపటికీ పిల్ల నోరు విప్పకపోతే నేనే అడిగాను.

"స్కూల్లో ఏమిటమ్మా విశేషాలు?"

"అమ్మకు చెప్పాను నాన్నా," అని పళ్లెం తీసుకుని లేచింది.

మరిచిపోవాలన్నా, ఎవరో ఒకరు మనకు చెప్పాలి కదండీ.